రెండో మనిషి కొలత

“ఈ వెబ్‌సైట్ ఎవరు చేశారో గానీ, వాళ్ళకి మనుషుల కళ్ళ మీద ఏదో పాత పగ ఉన్నట్టుంది,” అన్నాడు దాన్ని బాగుచెయ్యడానికి వచ్చిన డిజైనర్, ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తకుండానే.

“నేనే చేశాను,” అంది కుర్చీల మేస్త్రి కూతురు.

అప్పుడు ఎత్తాడు తల. ఎత్తినవాడు మళ్ళీ దించడం మర్చిపోయాడు. ఏం చేస్తాం, కొందరికి నోరు ముందు, కళ్ళు వెనక పనిచేస్తాయి. ఆ అమ్మాయి కళ్ళజోడు ముక్కు మీదకి జారి ఉంది. దాని పైనుంచి అతన్ని చూస్తున్న చూపులో కోపం ఎంతుందో, నవ్వు ఆపుకోవడం అంతే ఉంది. సారీ చెప్పాలని అతనికి తట్టేసరికి ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

పాపం, అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. ఎర్రటి తెర మీద పసుపు అక్షరాలు, ఊపిరాడకుండా కిక్కిరిసిన కుర్చీల ఫొటోలు. ‘స్వాగతం’ అన్న మాట వెనక ఎవరో తరుముకొస్తున్నట్టు కుడి నుంచి ఎడమకి పరుగెడుతూ ఉంటుంది. షాపు ఫోన్ నంబర్ మాత్రం అట్టడుగున చీమ తలకాయంత ఉంది. దాన్ని కనిపెట్టి ఫోన్ చేసినవాడు ఇంతవరకూ పుట్టలేదు.

అదే అసలు బాధ. మేస్త్రి పేము కుర్చీలు అల్లుతాడు. ఎలా పడితే అలా కాదు. టైలర్ చొక్కాకి కొలతలు తీసుకున్నట్టు, కూర్చునే మనిషి మోకాలి ఎత్తు నేల నుంచి కొలిచి, ఆ మనిషికే సరిపోయేలా కడతాడు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు లేవడానికి బద్ధకిస్తారు. కానీ అంత ఓపిక ఎవరికుంది? పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీల వ్యాపారి ఈ షాపు తనకిచ్చేయమని వెంటపడుతున్నాడు. నెలాఖరుకి ఏదో ఒక మాట చెప్తానని మేస్త్రి అనేశాడు. కూతురే కాళ్ళావేళ్ళా పడి ఒక్క అవకాశం అడిగింది. వెబ్‌సైట్ బాగుచేయిద్దాం, ముక్కూమొహం తెలియని మనిషి ఒక్కరైనా దాన్ని చూసి కుర్చీ అడిగితే షాపు ఉంచాలి, లేదంటే నీ ఇష్టం నాన్నా అంది. మేస్త్రి సరేనన్నాడు.

డిజైనర్ రోజూ రావడం మొదలుపెట్టాడు. ఆఫీసులో కూర్చునే చెయ్యొచ్చు ఆ పని. షాపు వాతావరణం ఒంటబట్టాలి అని చెప్పుకున్నాడు, చెప్పుకున్నది ఎక్కువగా తనకే.

ముందు రంగులు తీసేశాడు. తర్వాత పరుగెడుతున్న స్వాగతాన్ని ఆపి కూర్చోబెట్టాడు. ఫోన్ నంబర్ పైకి తెచ్చాడు. హోమ్ పేజీలో ఒకే ఒక్క కుర్చీ ఫొటో పెట్టి, చుట్టూ తెల్లగా వదిలేశాడు. అది చూసి మేస్త్రి లబోదిబోమన్నాడు. ఇంత చోటు ఖాళీగా పారేస్తే ఎలా, ఇంకో పది కుర్చీలు పట్టేవి కదా అని గోల. షాపులో కుర్చీకీ కుర్చీకీ మధ్య నడవడానికి దారి వదులుతారు కదండీ, చూపు నడవడానికి ఇదీ అంతే అని డిజైనర్ సర్దిచెప్పాడు. మేస్త్రి తలూపాడు. కూతురు మాత్రం, మాటలు బాగానే అల్లుతారే మీరు, అని వెక్కిరించింది. వెక్కిరించినా ఆ రోజు నుంచి అతని పక్కనే స్టూలు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. ఈ బటన్ గుండ్రంగా ఉండాలి అంటుంది. ఆ అక్షరం మరీ సన్నగా ఉంది, దానికి తిండి పెట్టండి అంటుంది. ఆర్డర్ ఇచ్చే పేజీలో మోకాలి కొలత అడగాల్సిందేనని పట్టుబట్టి, ఎలా కొలుచుకోవాలో బొమ్మ కూడా తనే గీసింది.

మొదట్లో మేస్త్రిని నోరారా ‘బాబాయ్ గారూ’ అని పిలిచేవాడు డిజైనర్. ఒక సాయంత్రం ఇంటికెళ్తూ దారిలో ఠక్కున ఆగిపోయాడు. ఆయన బాబాయ్ అయితే ఆయన కూతురు తనకి ఏమవుతుంది? మర్నాటి నుంచి ఆ పిలుపు మింగేసి, ఉత్త ‘అండీ’తో నెట్టుకొచ్చాడు.

సైటు పూర్తయిన రోజు జల్లు పడుతోంది. ఎవరి సైటు చేసినా చివర్న అతనే కస్టమర్‌లా ఒక దొంగ ఆర్డర్ పెట్టి, అన్నీ పనిచేస్తున్నాయో లేదో చూసుకుని చెరిపేస్తాడు. పేరు చోట ఏవో పిచ్చి అక్షరాలు కొట్టడం అలవాటు. ఆ రోజు వానని చూస్తూ చూస్తూ ఇంట్లో తనని పిలిచే ‘చంటి’ అన్న ముద్దుపేరు కొట్టాడు. టెస్టులకే వాడే పాత మెయిల్ ఇచ్చాడు. ఏం కావాలి అన్న చోట వేళ్ళు వాటంతటవే కదిలాయి. ‘కిటికీ దగ్గర వేసుకోవడానికి, ఇద్దరు కూర్చునే కుర్చీ. ఒకరు మాట్లాడుతూనే ఉంటారు, ఇంకొకరు వింటూ ఉంటారు.’ తన మోకాలి కొలత రాశాడు. రెండో మనిషి కొలత తర్వాత చెప్తానన్నాడు. పంపాడు, వెళ్ళింది. ఇక చెరపబోతుండగా ఆమె వానలోంచి లోపలికొచ్చి, కళ్ళజోడు తుడుచుకుంటూ, అది లేని కళ్ళతో అతనివైపు చూసి ఊరికే నవ్వింది.

అంతే. చెరపడం అన్న సంగతే అతని బుర్రలోంచి ఎగిరిపోయింది. ఇంటికి నడిచెళ్ళాడో తేలివెళ్ళాడో అతనికే తెలియదు.

వారం పాటు ఇంకో పని మీద పడి, తర్వాత ఏదో సాకు వెతుక్కుని షాపుకొచ్చాడు. ఆమె గుమ్మంలోనే ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది. ఆర్డర్ వచ్చిందని, మొదటిరోజే వచ్చిందని, నాన్న పక్క షాపు ఆయనకి కుదరదని చెప్పేశాడని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఎవరో చంటి అట. ఇద్దరికి కుర్చీ. రెండో మనిషి కొలత కోసం మెయిల్ మీద మెయిల్ పెడుతున్నా ఉలుకూ పలుకూ లేదట. ఎంత బాగా రాశాడో చదివారా అని అడిగింది.

చెరపకుండా వదిలేసిన ఆర్డర్ డిజైనర్‌కి అప్పుడు గుర్తొచ్చింది. వెనక గదిలోకి తొంగి చూశాడు. కుర్చీ చట్రం లేచి నిలబడింది. ఎడమ సీటు అల్లిక పూర్తయింది. కుడివైపు ఖాళీ. మేస్త్రి ఏదో కూనిరాగం తీస్తూ పేము నానబెడుతున్నాడు.

ఊరుకుంటే సరిపోతుంది. చంటి పేరుతో ఓ మెయిల్ పెట్టి, ఎవరినో పంపి కుర్చీ తెప్పించుకుంటే గుట్టుచప్పుడు కాకుండా పోతుంది. ఆ ఆలోచన వచ్చింది. ఆమె మొహం చూశాక ఆ ఆలోచనకే సిగ్గేసింది.

“చంటి నేనేనండీ,” అన్నాడు. “అది టెస్ట్ ఆర్డర్. చెరపడం మర్చిపోయాను.”

ఆమె మొహంలో వెలుగు మెల్లగా తగ్గిపోవడం అతను నిలబడి చూడాల్సి వచ్చింది. అంత కష్టమైన పని అతను ఎన్నడూ చెయ్యలేదు. ఆమె ఒకటే అంది. “నాన్నకి నేను చెప్పను. మీరే చెప్పండి.”

వెళ్ళి చెప్పాడు. తడబడుతూ, పొంతన లేకుండా, మొత్తం చెప్పాడు. మేస్త్రి పేము మీద నీళ్ళు చల్లడం ఆపలేదు.

“అయితే కుర్చీ అక్కర్లేదా?” అని అడిగాడు చివరికి.

“కావాలండీ. ఆర్డరే ఉత్తుత్తిది. అలాంటి కుర్చీ ఒకటి ఉంటే బాగుణ్ణనిపించింది మాత్రం నిజం.”

“ఇద్దరికని రాశావు. ఆ రెండో మనిషికి తెలుసా?”

డిజైనర్ గుమ్మం వైపు చూశాడు. తలుపు చాటున కళ్ళజోడు మెరిసింది. “ఇప్పుడు తెలిసి ఉంటుందండీ,” అన్నాడు.

మేస్త్రి చేతులు తుడుచుకున్నాడు. ముక్కూమొహం తెలియని మనిషి కాదు కాబట్టి కూతురు పెట్టిన షరతుకి ఈ ఆర్డర్ చెల్లదని ముందు తేల్చాడు. డిజైనర్ తల వాల్చేశాడు. “కానీ బాబూ, వారంగా పొద్దున లేవగానే పని గుర్తొచ్చి ఉత్సాహంగా ఉంటోంది. అది నువ్వు చెరపలేవు, నేనూ చెరపలేను. షాపు ఇవ్వను. ఒకసారి ఇవ్వనన్నాక ఇవ్వనంతే.” గొంతు తగ్గించి, కుడిపక్క సీటు మాత్రం తన చేతుల్లో లేదన్నాడు.

ఆమె లోపలికొచ్చింది. ఇద్దరిలో ఎవరి వైపూ చూడకుండా స్టూలు లాక్కుని కూర్చుంది. చెప్పులు విడిచి, పాదాలు నేలకి ఆనించి పెట్టింది. చెవులు ఎర్రగా ఉన్నాయి.

“టేపు తియ్యి నాన్నా,” అంది. “నా కోపం ఎప్పటికి తగ్గుతుందో నాకే తెలీదు. మోకాలి ఎత్తు మాత్రం ఈలోపు మారదు కదా.”