కేకుల కారు, కొలతల బాబు

ఆ అమ్మాయి బ్రేకు తొక్కిందంటే వీధి వీధంతా తెలిసిపోయేది. ముందు పెడలు వణికేది, పెడలును చూసి స్టీరింగు వణికేది, స్టీరింగును చూసి వెనక సీట్లో కేకు వణికేది. ఒకసారి సిగ్నల్ దగ్గర ఆగేసరికి పెళ్లి కేకు మీది పెళ్లికొడుకు బొమ్మ జారుకుంటూ పోయి, పక్కనున్న పుట్టినరోజు కేకు మీద తేలిందట. పెళ్లివాళ్లు వెతుక్కుంటుంటే అతగాడు అక్కడ ఏడాది పాప బొమ్మ పక్కన కోటు వేసుకుని నిలబడి ఉన్నాడట. నమ్మకపోతే ఆ కారునే అడగండి.

వినడానికి బాగానే ఉంటుంది గానీ కేకులమ్మాయికి మాత్రం అది ప్రాణసంకటం. ఇంటి వంటగదిలో కేకులు చేసి, ఆ పాత చిన్న కారులో తనే చేరవేస్తుంది. ఇప్పటికి రెండు కేకులు దారిలోనే కూలాయి. మూడోది కూలితే ఇక ఆర్డర్లు ఉండవని ఫంక్షన్ హాలు మేనేజరు తేల్చి చెప్పేశాడు. సరిగ్గా రెండు వారాల్లో నాలుగంతస్తుల పెళ్లి కేకు ఇవ్వాలి.

అలా ఓ ఆదివారం పొద్దున్నే, చేతికి అంటిన మైదాపిండితోనే ఆమె స్పేర్ పార్టుల దుకాణం మెట్లెక్కింది.

ఆ దుకాణం ఓ మేనత్తది. కౌంటర్లో ఉండేది ఆవిడ మేనల్లుడు. అతన్ని అందరూ కొలతల బాబు అంటారు. మందం కొలిచే వెర్నియర్ జేబులో పెట్టుకుని పుట్టాడంటుంది అత్త. టీతో బిస్కెట్టిస్తే మందం కొలిచి, "నిన్నటిదాని కంటే అర మిల్లీమీటరు తక్కువత్తా" అనే రకం. పుట్టి బుద్ధెరిగాక ఒక్క తప్పు కొలత చెప్పలేదు.

"ముందు చక్రాలకి బ్రేక్ ప్యాడ్లు, డిస్కులు కావాలి," అంది అమ్మాయి. "చవకవి. కానీ చవకబారువి కాదు."

బాబు తలెత్తాడు. ఆమె కనుబొమ్మ మీద కూడా కాస్త పిండి ఉంది. ఎంత ఉందో కొలవాలనిపించలేదు. అదే మొదటి ప్రమాద సూచన.

"ముందు కారు చూడాలండి."

"చూస్తారు. ఇంజన్ కింద ఏదో పోయిందంటారు. పోయినసారి ఒకాయన అలాగే చెప్పి మార్చాడు. వణుకు మాత్రం నాకే వదిలేశాడు. అమ్మాయిని, కారు సంగతి నాకేం తెలుస్తుందనుకున్నాడు."

బాబు చక్రం విప్పి, డిస్కు తీసి, ఆమె చేతికే ఇచ్చాడు. "ఇక్కడ అచ్చు వేసిన అంకె చదవండి."

"ఇరవై."

"ఇరవై మిల్లీమీటర్ల కంటే పల్చబడితే పారెయ్యమని అర్థం. ఇదిప్పుడు పందొమ్మిది పాయింట్ ఒకటి. అదీ ఒక్కోచోట ఒక్కోలా అరిగింది. మీ వణుకు అందుకే. సాన పట్టిస్తే ఇంకా పల్చనవుతుంది. మార్చాల్సిందే."

ఆమె షెల్ఫులో ఎర్ర పెట్టె వైపు చూపించింది. "మరి ఆ చిల్లుల డిస్కులైతే? చూడ్డానికి బావున్నాయి."

"మీది పందెం కారా?"

"కేకుల కారు."

"అయితే వద్దండి. చిల్లులకి డబ్బు దండగ. ఇటు చివరున్న ఈ పేరులేని ప్యాడ్లూ వద్దు, నాలుగు నెలల్లో కీచుమంటాయి. మామూలు డిస్కులు, మధ్యరకం సిరామిక్ ప్యాడ్లు తీసుకోండి. చప్పుడుండదు, రోజువారీ తిరుగుడికి సరిపోతాయి."

"అమ్మేవాడే వద్దంటాడేంటి?"

"వాడికదో జబ్బమ్మా," అంది అత్త లోపల్నుంచి. "మందు లేదు."

అమ్మాయి మొదటిసారి నవ్వింది. అంతే, బాబు చేతిలోంచి పానా జారి కాలి మీద పడింది.

కొత్త డిస్కులకి తుప్పు పట్టకుండా పూసిన నూనె తుడిచి, బిగించి, ఆ దుకాణం పద్ధతి ప్రకారం పాత డిస్కులు పెట్టెలో పెట్టి ఆమెకే ఇచ్చేశాడు. తీసిన సామాను కారువాళ్లకే అప్పగించాలన్నది అత్త శాసనం. తర్వాత పక్క సీట్లో కూర్చున్నాడు. కొత్త ప్యాడ్లు డిస్కుతో కుదురుకోవాలంటే ఖాళీ రోడ్డు మీద వేగం అందుకుని, పూర్తిగా ఆగకుండా బాగా తగ్గించి, మళ్లీ అందుకోవాలి. అలా పదిసార్లు.

"ఒకటి," అన్నాడు బాబు. చినుకులు మొదలయ్యాయి.

"ఐదు," అనేసరికి ఆమె తన రెండో కేకు కూలిన కథ చెబుతోంది. పెళ్లికూతురి తండ్రి చెంచాతో కేకుని కారులోంచి ఎత్తుకున్నాడట.

"పది," అనాల్సి వచ్చేసరికి బాబు వేళ్లు మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టుకున్నాడు. పది అంటే అయిపోయినట్టే.

"పది. ఇంకా, వచ్చే ఆదివారం ఒకసారి, ఆ పై ఆదివారం ఒకసారి చెయ్యాలండి. మూడు వారాలు."

జీవితంలో మొదటి తప్పు కొలత అది. నోట్లోంచి వచ్చాక అద్దం మీది వైపర్ కూడా "ఛ, ఛ" అన్నట్టే ఊగింది.

రెండో ఆదివారం ఆమె కేకు అంచులు కోసిన ముక్కలు డబ్బాలో తెచ్చింది. బాబు ఒక ముక్క అలవాటుగా వెర్నియర్ దగ్గర పెట్టాడు.

"తినేదాన్ని కూడానా?"

"రెండు పక్కలా సమానంగా ఉంది. ఇలాంటి చెయ్యి మాకు వర్క్‌షాపులో కావాలి."

"మీ దగ్గర జీతం మధ్యరకమేనా?"

వారం రోజులు బాబు భూమికి రెండంగుళాలు పైన నడిచాడు. అత్త కొలిచింది.

మూడో ఆదివారానికి ముందు రోజు సాయంత్రం పాత డిస్కుల పెట్టె దభీమని కౌంటర్ మీద పడింది.

"పెట్రోలు బంకులో టాక్సీ డ్రైవర్ని అడిగాను," అంది అమ్మాయి. "పది బ్రేకులు ఒక్కసారి కొడితే చాలంట. నన్ను చూసి నవ్వాడు. మూడు వారాలని ఎందుకన్నావ్?"

మీరు కాస్తా నువ్వయింది, అదీ తియ్యటి నువ్వు కాదు.

"అబద్ధం చెప్పానండి."

"అయితే డిస్కులు అరిగాయన్నది కూడా అబద్ధమేనా? రేపు నాలుగంతస్తుల కేకు పెట్టుకుని ఈ బ్రేకుల్ని ఎలా నమ్మమంటావ్? ఆ ఇంజన్ ఆయనకీ నీకూ తేడా ఏంటి?"

బాబు జేబులోంచి వెర్నియర్ తీసి ఆమె ముందు పెట్టాడు. ఇన్నేళ్లలో దాన్ని ఎవరి చేతికీ ఇవ్వలేదు.

"నన్ను నమ్మొద్దు. మీరే కొలవండి."

ఎలా పట్టుకోవాలో అత్త చూపించింది. అమ్మాయి పాత డిస్కుని ఒకచోట కొలిచింది. పందొమ్మిది పాయింట్ ఒకటి. ఇంకోచోట కొలిచింది, ఇంకా తక్కువ. రెండో డిస్కూ అంతే. తర్వాత చక్రం విప్పించి కొత్తవీ కొలిచింది. ఇరవై రెండు, చుట్టూ ఎక్కడ పెట్టినా ఇరవై రెండు.

"ఇవన్నీ నిజమే," అంది నెమ్మదిగా. "మరి ఆ ఒక్కటీ ఎందుకు?"

"ఒక్క ఆదివారంతో అయిపోతే మీరు మళ్లీ రారని."

అత్త కౌంటర్ మీద ఠపీమని కొట్టింది.

"సిగ్గులేని వెధవ," అంది అత్త. "రమ్మని అడగడానికి నోరు లేదుట్రా? అమ్మాయీ, మా దుకాణంలో తప్పు కొలత చెప్తే శిక్షుంది. రేపు వీడు నీ కారు వెనక సీట్లో కూర్చుని కేకు పట్టుకుంటాడు. కేకు కూలితే వీణ్ణి అక్కడే వదిలేసి రా."

అమ్మాయి పాత డిస్కుల పెట్టె ఎత్తుకుంది. "తెల్లచొక్కా వేసుకోవద్దు," అని మాత్రం చెప్పి వెళ్లిపోయింది.

మర్నాడు వాన. వెనక సీటు తీసేసిన చోట నాలుగంతస్తుల కేకు, దాని పక్కన ముడుచుకుని బాబు. హాలు ఇంకో మలుపు ఉందనగా ఓ కుక్క తోక ఊపుకుంటూ రోడ్డుకి అడ్డం పడింది. అమ్మాయి బ్రేకు తొక్కింది. పెడలు వణకలేదు, స్టీరింగు వణకలేదు. కారు ఒక్క గీత మీద నిలబడింది. కుక్క ఆగి, చక్రాల వైపు మెచ్చుకోలుగా చూసి మరీ వెళ్లింది.

"కేకు కదిలిందా?" అద్దంలో చూస్తూ అడిగింది.

"లేదండి."

"పెళ్లికొడుకు?"

"పెళ్లికూతురి పక్కనే ఉన్నాడు."

"నువ్వు?"

ఈ నువ్వు నిన్నటి నువ్వు కాదు.

"నేను కదిలానండి. మీరు పిండి కనుబొమ్మతో మెట్లెక్కినరోజే."

"ఎంత?"

"కొలవడానికి నా దగ్గర ఏమీ లేదు. వెర్నియర్ మీ దగ్గరే ఉండిపోయింది."

ఆమె డాష్‌బోర్డు అర తెరిచి చూసుకుంది. నిజంగానే అక్కడుంది. తిరిగివ్వలేదు. అర మూసేసి గేరు వేసింది.

"వెనక చక్రాల బ్రేకులు కూడా చూడాలి," అంది. "వచ్చే ఆదివారం మొదలుపెడదాం. ఎన్ని వారాలు పడుతుందంటావ్?"

బాబు ఈసారి నిజమే చెప్పాడు.

"ఒక్కపూట చాలు."

"అబ్బే, తప్పు కొలత," అంది కేకులమ్మాయి, కారు ముందుకి కదిలిస్తూ. "మళ్లీ చెప్పు."