కాకిశిల కోటలో దొర చెయ్యి

దగ్గరికి జరిగి కూర్చోండి. వెనక ఉన్నవాళ్ళకీ వినపడాలి కదా, నా గొంతు అంత పెద్దది కాదు. దేవుణ్ణి నమ్ముకున్నవాణ్ణి, బుచన్ ఊళ్ళో మా చర్చి పెద్దల్లో ఒకణ్ణి. పగలు టాక్సీ నడుపుతాను. ఇలాంటివాడు దెయ్యం కథ చెప్పడమేమిటని నవ్వొస్తే ఇప్పుడే నవ్వేసుకోండి.

ఆ ఆదివారం సాయంత్రం మేము చనిపోయిన మా పిల్హో అన్నని సాగనంపి వస్తున్నాం. ఆసుపత్రి కింది అంతస్తులోనే అంత్యక్రియల హాలు. పటం ముందు వంగి దండం పెట్టి, ఎర్రగా కాగిన గొడ్డుమాంసం పులుసులో అన్నం కలుపుకుని తిన్నాం. వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"ఇక్సూ, నాకింక మిగిలింది చిన్నోడొక్కడే. గీజూని నువ్వే ఇంటికి తీసుకురా నాయనా."

"తీసుకొస్తానమ్మా" అన్నాను.

చావు దగ్గర్నుంచి తిన్నగా ఇంటికి పోకూడదని మా వైపు పట్టింపు. దారిలో ఎక్కడో ఒకచోట కాసేపు ఆగాలి. వెంటపడి వచ్చిందేదైనా ఉంటే దాన్ని అక్కడే వదిలేసి పోవచ్చు. దుకాణమైనా సరే, కాఫీ కొట్టయినా సరే. నేను నమ్మను గానీ, నలుగురితో పాటు నేనూ ఆగాను. మేము ఆగింది అద్దెకి కంప్యూటర్ ఆటలాడుకునే గేమ్ సెంటర్లో. అది పిల్హో అన్న నడిపిన సెంటర్.

"ఒరే, అన్న దెయ్యాన్ని వదిలించుకోడానికి అన్న కొట్టుకే వచ్చామా?" అని గొణిగాడు చేపలమ్మే డూషిక్.

"హెడ్‌ఫోన్ పెట్టుకో. నీ కత్తి కంటే నీ నోరే మొద్దు" అన్నాడు గీజూ. కళ్ళు ఇంకా వాచే ఉన్నాయి.

ఎందుకంత తొందరంటారా? ఆదివారం సాయంత్రం కోట ముట్టడి. మా ఆటలో కాకిశిల కోట ఉంది. గంట మోగే వేళకి ఏ దళం దొర సింహాసనం మీద చెయ్యి వేసి ఉంటాడో, కోట వాళ్ళది. దొర ఒక్కడే వెయ్యాలి, మిగతావాళ్ళంతా అతనికి అడ్డు గోడ. ఇనుప పళ్ళ దళం ఏళ్ళ తరబడి ఆ కోట మీద కూర్చుంది. బావి దగ్గర నీళ్ళకొచ్చిన కొత్తవాళ్ళని సరదాకి నరికేవారు. అలాంటివాళ్ళ దగ్గర్నుంచి లాక్కున్నాం మేము. టాక్సీవాడు, చేపలవాడు, రేవులో బస్తాలు మోసే గీజూ. బయట మమ్మల్ని "ఏయ్" అని పిలిచేవాళ్ళే గానీ పేరు అడిగినవాడు లేడు. కోట బురుజు మీద మా పేర్లతో జెండా ఎగిరేది. నవ్వకండి. భుజానికి భుజం ఆనించి నిలబడిన చోటు మనిషికి ఒక్కటైనా ఉండాలి.

అందుకని గీజూ అన్న కుర్చీలో కూర్చుని, అన్న పాస్‌వర్డ్ కొట్టి, ఆటలో అన్న నడిపించే మా దళం దొరని నిద్ర లేపాడు. ఒకడి బదులు ఇంకొకడు ఆడడం మాలో మామూలే. అలసినవాడి బదులు ఆడినట్టే, పోయినవాడి బదులూ ఆడొచ్చు అనుకున్నాం.

బయట మంచు పడుతోంది. షట్టర్ సగం దించాం. సూట్లలోంచి అగరొత్తుల వాసన వస్తోంది. కంప్యూటర్ ఫ్యాన్ల రొద తప్ప ఏ చప్పుడూ లేదు. తెర మీద దొర సింహాసనం వైపు నడవడం మొదలుపెట్టాడు.

"ఇక్సూ అన్నా..." గీజూ గొంతు బాగా తగ్గింది. "నేను నొక్కట్లేదు."

చూశాను. వేళ్ళు మౌస్ మీద ఊరికే ఉన్నాయి. దొర మెట్లెక్కాడు. సింహాసనం మీద చెయ్యి వేశాడు.

కోట తలుపు బద్దలైంది. ఇనుప పళ్ళవాళ్ళు వరదలా వచ్చిపడ్డారు. ఎవడో వేసిన బాణం దొర భుజంలో దిగింది. నా పక్కన గీజూ మూలిగాడు. తెల్ల చొక్కా భుజం దగ్గర ఎర్రటి మరక... పెద్దదవుతోంది.

"లేవరా" అన్నాను.

"చెయ్యి రావట్లేదు."

పట్టుకుని లాగాను. మౌస్‌ని పట్టిన ఆ చేతి మీద వేళ్ళ గుంటలు పడి ఉన్నాయి, పైనుంచి ఎవరో గట్టిగా అదిమి పట్టినట్టు. డూషిక్ వైరు పీకేశాడు. తెర ఆరలేదు. ఇంకో బల్లెం వచ్చింది. గీజూ చెంప పెదవి దాకా చీలింది. ప్రార్థన మొదలుపెట్టాను. మాట మధ్యలో ఆగిపోయింది.

"కోట వదిలేద్దాం. దొరని బయటికి పిలువు" అన్నాడు డూషిక్.

"అన్న రాడు" అన్నాడు గీజూ రక్తం మింగుతూ. "మా అన్న సంగతి మీకు తెలీదా?"

ఇంక ఒక్కటే దారి. దొరకి అడ్డంగా నిలబడాలి. గంట మోగేదాకా.

పక్క కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆటలో నా గొడ్డలి పట్టాను. దగ్గరున్న శత్రువు గొంతు కూడా వినపడే ఆట అది. మెట్ల మీద ఒకడు నవ్వుతూ వస్తున్నాడు. "ఏరా టాక్సీ, మీ దొర పోయాడటగా. తాళాలిచ్చేసి నీ బండి తోలుకో, కిరాయి పోతుంది..."

మెడ మీద వేశాను.

హెడ్‌ఫోన్లో నవ్వు తెగింది. తడిగా ఏదో చప్పుడు. కుర్చీ పడిన శబ్దం. వెనకెక్కడో ఒక మనిషి అతని పేరు పెట్టి మళ్ళీ మళ్ళీ పిలుస్తున్నాడు.

నాకు అర్థమైంది. డూషిక్‌కీ అర్థమైంది. ఒకరినొకరం చూసుకున్నాం. పక్కన గీజూ కుర్చీలో జారిపోతున్నాడు.

రెండోవాడు వచ్చాడు. నరికాను. వాడు వాళ్ళమ్మని పిలిచాడు. మూడోవాడి చెయ్యి తెగింది... వాడి అరుపుకి నా చెవిలో ఏదో చిట్లింది. ఇంకా వస్తూనే ఉన్నారు. తెలియక కొందరు, తెలిసి పగతో కొందరు. నా నోట కీర్తన నడుస్తోంది, చేతిలో గొడ్డలి నడుస్తోంది. రెండూ ఆగలేదు.

గంట మోగింది.

గీజూ చెయ్యి మౌస్ మీంచి పట్టు వదిలి ఒళ్ళో పడింది. టాక్సీ వెనక సీట్లో పడుకోబెట్టి ఆసుపత్రికి పరుగెత్తించాను. కుట్లు వేశారు. బతికాడు. వాళ్ళమ్మకి మాట నిలబెట్టుకున్నాను, దేవుడి దయ.

ఆ మర్నాటి నుంచి పేపర్లన్నీ వెతికాను. ఏ ఊళ్ళోనూ, ఏ గేమ్ సెంటర్లోనూ ఏమీ జరిగినట్టు రాలేదు. కానీ మా ఆటలో చచ్చినవాడు ఒక మీట నొక్కి, మళ్ళీ బతికి తన ఊరికి తిరిగిపోవాలి. ఇనుప పళ్ళవాళ్ళలో ఒక్కడూ ఆ మీట నొక్కలేదు. పడినవాళ్ళు పడినచోటే ఉన్నారు, తల మీద పేర్లతో సహా.

సెంటర్ మూతపడింది. తాళం గీజూ దగ్గరే ఉంది. ఎంత చెప్పినా వినకుండా ఆదివారం ఆదివారం వెళ్ళి కాపలా కూర్చుంటాడు. మొన్న అక్కణ్ణుంచి ఫోన్ చేశాడు.

"అన్నా, పడినవాళ్ళు మెట్లెక్కుతున్నారు. కదలడం కనపడదు. తల తిప్పి చూస్తే మాత్రం ఇంకో మెట్టు పైనుంటున్నారు."

"వదిలేసి ఇంటికి పోరా. అమ్మ ఎదురుచూస్తుంటుంది."

"నేను పోతే అన్నకి అడ్డం ఎవరుంటారు?"

ఆ గదిలో వాడు తప్ప ఎవరూ లేరు. షట్టర్ లోపల్నుంచి వేసుకున్నానని వాడే చెప్పాడు. అయినా వాడి గొంతు వెనక నాకు వినపడుతూనే ఉంది... కుర్చీలు, ఒకదాని తర్వాత ఒకటి, మెల్లగా వెనక్కి జరుగుతున్నాయి.