తారులో చెవులు

ఓరిన్ హాల్వర్సన్ శవం షింగిల్స్ గుట్ట అడుగున దొరికింది.

పైనుంచి జారి పడ్డాడని యార్డు మేనేజరు వెర్న్ కోజాక్ చెప్పాడు. పోలీసులు నమ్మేశారు. ఆ వేసవిలో నార్త్ డకోటాను వడగళ్లు చితక్కొట్టాయి. కార్విక్ ఊళ్లో చిల్లులు పడని పైకప్పు లేదు. ఇళ్లమీంచి పీకేసిన తారు షింగిల్స్, అంటే కప్పు పలకలు, అన్నీ లారీలకెక్కి ఈ యార్డుకే వచ్చిపడ్డాయి. ఇక్కడ వాటిని మరలో వేసి పొడి చేస్తారు. ఆ పొడిని పక్క ప్లాంటులో వేడి తారులో కలుపుతారు. ఊళ్ల కప్పులు అలా మళ్లీ ఊళ్ల రోడ్లవుతాయి. గుట్టలు మూడంతస్తుల ఎత్తున లేచాయి. వాటి మీద ఎవరి కాలు జారినా వింత లేదు.

కాకపోతే, జారిపడిన మనిషి మెడ చుట్టూ సన్నటి తీగ గుర్తు ఉండదు.

"ఓరిన్ మన మనిషే," అంది గూఢచార శాఖ చీఫ్ బెర్నిస్ ఓల్డ్‌రాయ్డ్. హైవే పక్క హోటల్లో ఆమె ముందు పాన్‌కేకులు చల్లారిపోతున్నాయి. "యార్డు ల్యాబ్‌లో టెస్టర్‌గా పెట్టాం. అతని బూటు అడుగున తారులో ఇది అతుక్కుని ఉంది. చూడు."

ఏజెంట్ రాయిస్ టోలెఫ్‌సన్ భూతద్దంలోంచి చూశాడు. షింగిల్ మీద ఉండే మామూలు రాతిరవ్వలాగే ఉంది. నల్లగా, ఆవగింజంత.

"రాయి కాదా?"

"కాదు. పైన సెరామిక్ కోటింగ్, లోపల చిప్. ప్లాంటు వేడికి చావదు. పైనుంచి బరువు పడిందా, సిగ్నల్ కొడుతుంది. ఎంత బరువో కూడా చెబుతుంది."

"ఎవరి పని?"

"కోల్డ్ ఫ్రంట్. సముద్రం అవతలి ముఠా. మనం వాళ్లకి పెట్టుకున్న పేరు అది." బెర్నిస్ గొంతు తగ్గించింది. "ఈ గింజలు కలిపిన యార్డు పొడితోనే ఎయిర్‌బేస్ రోడ్డు వేశారు. ఆ రోడ్డు మీద త్వరలో ఒక కాన్వాయ్ వెళ్తుంది. ట్రక్కులన్నీ ఒకేలా ఉంటాయి. ఒక్కదాంట్లోనే అణు వార్‌హెడ్. మిగతావి ఉత్త డొల్ల."

రాయిస్ భూతద్దం కింద పెట్టాడు. బరువైన ట్రక్కు ఏదో రోడ్డే చెప్పేస్తుంది. గురి చూసి కొట్టడమే తరువాయి. దాన్ని కొడితే విషధూళి లేస్తుంది. గాలి ఎటు వీస్తే అటు ఊళ్లు ఖాళీ. మొదటిది కార్విక్.

"కాన్వాయ్ ఆపించండి మేడమ్."

"ఎప్పుడు బయల్దేరుతుందో నాకే చెప్పరు. దారిలో రేడియో ఉండదు, ఫోను ఉండదు. ఈ ఒక్క గింజ చూపిస్తే జనరల్స్ నవ్వి పంపించేస్తారు. గుప్పెడు పట్టుకురా."

"లోపల మనకెవరున్నారు?"

"సెలెస్ట్. పొడి కొనే బ్రోకరు వేషంలో ఉంది. ముఠా తమ మనిషే అనుకుంటోంది." బెర్నిస్ పాన్‌కేకుల పళ్లెం పక్కకు జరిపింది. "మనం కూడా మన మనిషే అనుకుంటున్నాం."

మర్నాడు షింగిల్స్ లారీ నడుపుకుంటూ రాయిస్ యార్డులోకి వెళ్లాడు. తారు మరకల ఓవరాల్స్, మాసిన టోపీ, బుగ్గలో పొగాకు. ఒళ్లో లంచ్ బాక్సు. శాండ్‌విచ్ కింద సిగ్నల్ పసిగట్టే రిసీవరు ఉంది.

మర హోరెత్తుతోంది. దుమ్ము అణచడానికి నీళ్లు చిమ్ముతున్నారు. పొడి బెల్టు మీద కదులుతుంటే పైనున్న పెద్ద అయస్కాంతం మేకుల్ని లాగి పక్కనున్న టిప్పర్‌లోకి విదిలిస్తోంది. ఆ దుమ్ములో, బురదలో, ఒంటిమీదే కుట్టించుకున్నట్టున్న తెల్ల సూటు, ఎర్ర లిప్‌స్టిక్, నల్ల కళ్లద్దాలతో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. డ్రైవర్లంతా పని మానేసి ఆమెనే చూస్తున్నారు.

"మీ ఇంటి కప్పు కారుతోందా మేడమ్?" అన్నాడు రాయిస్.

"వాన పడితే గానీ తెలీదు." కోడ్ సరిపోయింది. ఆమె పెదవులు కదపకుండా అంది. "మూడో గుట్ట. తొందరగా కానివ్వండి."

మూడో గుట్ట దగ్గరకు వెళ్లేసరికి లంచ్ బాక్సు ఒళ్లో జలదరించింది. అతను లారీ దిగి, వంగి గుప్పెడు పొడి తీసి జేబులో పోసుకున్నాడు. లేవబోతుంటే మెడకు చల్లటి ఇనుము తగిలింది.

"ఏరా కొత్తోడా, జేబులో మట్టి పోసుకుంటున్నావ్? ఇంటికెళ్లి కూర వండుకుంటావా?" కోజాక్ గొంతు. వెనకాల సెలెస్ట్ నిలబడి ఉంది. ఆమె మొహంలో ఏ భావమూ లేదు.

రాయిస్‌కు అర్థమైపోయింది. ఓరిన్ కూడా ఇలాగే వంగి ఉంటాడు. ఓరిన్‌కు కూడా ఆమె మూడో గుట్టే చూపించి ఉంటుంది.

ఫోను, రిసీవరు మరలో పడి నుజ్జయ్యాయి. ల్యాబ్ గదిలో కుర్చీకి కట్టేసి, తలమీద ఒక్కటిచ్చి కోజాక్ వెళ్లిపోయాడు. "పని అయ్యాక నిన్నూ జారి పడేయిస్తా," అన్నాడు పోతూపోతూ.

రాయిస్ కట్లు పీకి పీకి మణికట్లు చీరుకుపోయాయి. కిటికీలోంచి ఊరు కనిపిస్తోంది. కొత్త కప్పుల మీద పనివాళ్లు సుత్తులతో కొడుతున్నారు. ఎవరో ఆవిడ పెరట్లో దుప్పట్లు ఆరేస్తోంది. వాళ్లలో ఒక్కరికీ తెలియదు. తెలిసినవాడు కుర్చీకి కట్టేసి ఉన్నాడు.

తలుపు తెరుచుకుంది. సెలెస్ట్. చేతిలో కత్తి.

"కానివ్వు," అన్నాడు రాయిస్.

ఆమె కట్లు కోసింది. "కాన్వాయ్ బయల్దేరింది. ఇవాళే. వంతెన దగ్గర రాకెట్‌తో ఇద్దరున్నారు."

"ఓరిన్‌ని పట్టిచ్చింది నువ్వేగా?"

"నేనే." ఆమె కళ్లద్దాలు తీసేసింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "భయపెట్టి తరిమేస్తారనుకున్నా. మా అమ్మ వాళ్ల చేతుల్లో ఉంది. వాళ్ల దేశంలో, వాళ్ల కాపలాలో. పేర్లు అడిగినప్పుడల్లా ఇచ్చాను. ఇవాళ ఊరు ఊరంతా అడుగుతున్నారు."

"నీ మాట నేనెందుకు నమ్మాలి?"

ఆమె జేబులోంచి చిన్న ఫోను తీసింది. "ఇది వాళ్లకి తప్ప ఇంకెవరికీ పోదు." నొక్కి స్పీకరు పెట్టింది. "రోడ్డు సిగ్నల్స్ తప్పు చూపిస్తున్నాయి. నేను వచ్చి సరిచేసేదాకా కాల్చొద్దని వంతెన దగ్గరవాళ్లకి చెప్పండి."

అవతల ఒక మగగొంతు, చాలా మర్యాదగా: "ఎందుకమ్మా అబద్ధాలు? ఇదిగో, మీ అమ్మతో మాట్లాడు."

"మిల్కా?" ముసలి గొంతు వణికింది. "మిల్కా, తిన్నావా తల్లీ?"

"తిన్నానమ్మా," అని సెలెస్ట్ ఫోను కట్ చేసింది. రెండు చేతులతో దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

రాయిస్ కుర్చీలోంచి లేచాడు. "ఆ మేకుల టిప్పర్ తాళాలు ఎక్కడుంటాయి?"

"దాంట్లోనే."

ఇద్దరూ పరిగెత్తారు. రాయిస్ టిప్పర్ ఎక్కి స్టార్ట్ చేశాడు. సెలెస్ట్ అవతలి తలుపు పట్టుకుని వేలాడుతుండగానే బండి కదిలింది. కోజాక్ గేటుకు అడ్డంగా నిలబడి కాల్చాడు. అద్దం భళ్లుమంది. రాయిస్ తల దించి యాక్సిలరేటర్ నొక్కాడు. చివరి క్షణంలో కోజాక్ బురదలోకి దూకాడు. గేటు విరిగి ఎగిరిపోయింది.

పొద్దుతిరుగుడు చేల మధ్య మట్టిబాట. టిప్పర్ ఎగిరెగిరి పడుతోంది. దూరంగా నల్లటి కొత్త రోడ్డు, దాని మీద ఆకుపచ్చ ట్రక్కుల వరస. వాటి ముందు వంతెన.

"దాటిపోతున్నారు!" సెలెస్ట్ అరిచింది.

"దాటనివ్వను."

చేను అడ్డంగా తొక్కించాడు. మొక్కలు అద్దానికి కొట్టుకుంటున్నాయి. టైరు కింద ఏదో పేలింది. స్టీరింగు చేతిలో నిలవడం లేదు. దేవుడా, ఒక్క నిమిషం, ఇంకొక్క నిమిషం. టిప్పర్ గట్టెక్కి రోడ్డు మీద పడింది. ముందు ట్రక్కు హారన్ చెవులకు చిల్లులు పొడుస్తోంది. రాయిస్ బండిని అడ్డంగా తిప్పి, లివరు లాగి వెనక తొట్టి పైకెత్తాడు.

కార్విక్ కప్పులన్నిటి మేకులూ ఒక్కసారిగా రోడ్డు మీద కురిశాయి.

మొదటి ట్రక్కు టైర్లు పేలాయి. తర్వాతది, ఆ తర్వాతది. బ్రేకులు కీచుమన్నాయి. వరసంతా ఒకదాన్నొకటి తగులుకోబోయి తగులుకోకుండా ఆగింది. అదే క్షణాన వంతెన కింద పొగ లేచింది. తొందరపడి వదిలిన రాకెట్ ఖాళీ వంతెన మధ్యలో పేలి, సిమెంటు ముక్కలు నదిలో పడ్డాయి.

సైనికులు రాయిస్‌ను రోడ్డు మీద బోర్లా పడేసి వీపు మీద మోకాలు పెట్టారు. వేడి తారు బుగ్గకు కాలుతోంది. "వంతెన కింద! ఇద్దరున్నారు! నన్ను తర్వాత చంపండి, ముందు అటు చూడండి!" అని అరుస్తూనే ఉన్నాడు. చివరికి ఒకడు అటు చూశాడు.

సాయంత్రానికి ఆ ఇద్దరూ, కోజాక్ కూడా దొరికారు. చేతులకు బేడీలతో జీపులో కూర్చున్న సెలెస్ట్ దగ్గరకు రాయిస్ వెళ్లాడు. తెల్ల సూటు నిండా తారు, నూనె.

"అమ్మ సంగతేమైనా తెలిసిందా?" అడిగింది.

అతను బెర్నిస్ వైపు చూశాడు. బెర్నిస్ తల అడ్డంగా ఊపింది. "మన వాళ్లు ఆ ఇంటికి వెళ్లారు. పొయ్యి మీద సూప్ ఇంకా వేడిగానే ఉందట. మనిషి లేదు."

సెలెస్ట్ ఏడవలేదు. "వెతుకుతారా?"

"వెతుకుతాం మిల్కా," అన్నాడు రాయిస్. ఆ పేరు విని ఆమె తలెత్తి చూసింది. జీపు వెళ్లిపోయింది.

బెర్నిస్ రోడ్డు పక్కన నిలబడి బూటు అడుగున దిగిన మేకు పీక్కుంటోంది. రాయిస్ మాట మార్చడానికి అన్నాడు: "ఈ రోడ్డు మొత్తం తవ్వేయాలి కదా మేడమ్?"

"రేపే మొదలు. ప్రతి గింజా ఏరాలి."

"తవ్విన తారు ఏం చేస్తారు?"

"అడిగాను. పర్యావరణ శాఖవాళ్లు చాలా గట్టిగా చెప్పారు." బెర్నిస్ మేకును చేలోకి విసిరేసింది. "ఒక్క ముక్క కూడా వృథా కాకూడదట. రీసైకిల్ చేసి ఇంకో రోడ్డుకి వేస్తారట."