చూలై ఇంట్లో కాగితపు అడవి

చూలై పేటలో ఆ ఇంటికి చెడ్డపేరు ఒక గోడ వల్ల వచ్చింది. పడకగదిలో ఉత్తరపు గోడ. రాత్రిళ్ళు గుసగుసలాడుతుందట. ముగ్గురు అద్దెకు దిగారు, ముగ్గురూ ఆర్నెల్లు తిరక్కుండానే ఖాళీ చేశారు. మూడోవాళ్ళయితే పొయ్యిమీద పాలు పొయ్యిమీదే వదిలి పరుగెత్తారంటారు — నిజమో, చూలై జనం కలిపిన చక్కెరో!

తొంభై నాలుగులో ఆ ఇంట్లో దిగినవాడు కోదండరాం. ధైర్యం ఉండి కాదు. వీధికుక్క గుర్రుమంటే "మీరు పదండి సార్" అని దారిచ్చే రకం తను — ఆ మాట తనే చెప్పుకుని నవ్వేవాడు. కానీ ఊరి చివర మనలిలో బావమరిది ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఐదేళ్ళ కూతురు చిన్మయికి ఆ ఫ్యాక్టరీల గాలి పడలేదు. ఆయాసం. పిల్లని భుజాన వేసుకుని తెల్లవార్లూ తిరిగేవాడు. చూలైకొచ్చిన మూడోనాడే పిల్ల వెల్లకిలా పడుకుని ఆదమరిచి నిద్రపోయింది. ఇక ఇంట్లో దెయ్యమున్నా సర్దుకోవలసిందే!

భార్య భువనేశ్వరికి ఆ సర్దుబాటు కుదర్లేదు. వారం తిరక్కుండానే గోడ ఆమెకి వినబడింది.

"ఇంకొక్కసారి విన్నానా, పొద్దున్నే పిల్లనెత్తుకుని మనలి బస్సెక్కేస్తా."

"ఆడికి పోతే మళ్ళీ ఆయాసం గదే!"

"ఆయాసానికి డాక్టరున్నాడు. దీనికెవరున్నారు?"

కోదండరాం దగ్గర ఒక ఉపాయం ఉంది. గోడకి దుప్పటి కప్పినట్టు కాగితం అంటిస్తే చప్పుడు బయటికి రాదు గదా! సౌకార్‌పేట బజారుకి పోయి అడవి సీనరీ కాగితం తెచ్చాడు — ఎనిమిది షీట్లు, గోడంత. పెయింటర్ సుబ్బన్‌ని పిలవమని భువన అంటే, "కాగితం అంటించడానికి మేస్త్రీ ఎందుకు?" అన్నాడు. మైదా జావలా కాచి, స్టూలెక్కి తనే అంటించాడు. జింక తల ఒక షీట్లో పడింది, మెడ పక్క షీట్లో జానెడు కిందికి దిగింది.

"దెయ్యమే దీన్ని చూసి జడుసుకుంటుంది లెండి," అంది భువన.

పది రాత్రులు గోడ నోరెత్తలేదు.

పదకొండో రాత్రి... కోదండరాంకి మెలకువ వచ్చింది.

సర్... సర్... సర్...

జీరో వాట్ బల్బు వెలుతురులో అడవి పచ్చగా నిలబడి ఉంది. ఫ్యాన్ తిరగడం లేదు. గాలి లేదు. అయినా — ఆకులు కదులుతున్నాయి!

జింక మెడ ఉబ్బింది... తగ్గింది... మళ్ళీ ఉబ్బింది.

పక్కన భువన అటునుంచి ఇటు ఒత్తిగిల్లింది. ఆమె లేచిందా, పొద్దున మనలి బస్సే. దెయ్యం కంటే ఆ బస్సే ఎక్కువ భయపెట్టింది. వంటింట్లోంచి కూరగాయల కత్తి తెచ్చాడు. కళ్ళు మూసుకుని జింక మెడ మీద గీశాడు.

నల్లగా ఏదో జలజలా పాదాల మీద పడింది.

బొద్దింకలు! వందలు! సంతోషంతో వాటిని కౌగిలించుకోవడం ఒక్కటే తక్కువ.

పొద్దున్నే పిలిస్తే సుబ్బన్ వచ్చి, చిరిగిన కాగితం వాసన చూసి పకపకా నవ్వాడు.

"పిండిలో మైలుతుత్తం కలపలేదా సార్? ఆ విషం వెయ్యందే పోస్టర్లోడు కూడా అంటించడు. వట్టి మైదా అంటే పురుగులకి పెళ్ళి భోజనం పెట్టినట్టే!"

ఆ ఇంట్లో దిగాక భువన నవ్వడం అదే మొదలు. "ఏమండీ, రాత్రి మీరు పోరాడింది వీటితోనా! సరే, ఇంక మనలి మాటెత్తను," అంటూ కాఫీ పెట్టడానికి వంటింట్లోకి పోయింది.

సుబ్బన్ కాగితమంతా లాగేశాడు. రేకుతో గోడ గీకాడు. గీకుతూ గీకుతూ ఆగాడు.

"సార్... దీనికి ముందు ఈడ కాగితం ఎవరంటించినారు?"

"ఎవరూ అంటించలేదు. ఎప్పుడూ సున్నమే."

"సున్నంలో పురుగుకి తిండి ఏది సార్?" గొంతు తగ్గించాడు. "అట్టయితే... ముందున్నోళ్ళకి వినబడింది ఏంది?"

కోదండరాం గోడ వైపు చూశాడు. బోడిగోడ. ఒక్క పగులు లేదు, ఒక్క పురుగు లేదు. పట్టపగలు.

అప్పుడు — అంత దగ్గరగా, చెవి పక్కనే — గోడలోంచి మెల్లగా... గుసగుస.

సుబ్బన్ చేతిలోంచి రేకు జారింది.

"ఏం సుబ్బన్, చక్కెర ఎంత వెయ్యాల?" వంటింట్లోంచి భువన.

బయట హాల్లో చాప మీద చిన్మయి ఇంకా నిద్రలోనే ఉంది — నోరు మూసుకుని, హాయిగా, చప్పుడు లేని ఊపిరితో.

కోదండరాం సుబ్బన్‌ని చూశాడు. వంటింటి వైపు సైగ చేసి, వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. ఉష్...

సుబ్బన్ ఊరుకున్నాడు.

గోడ కూడా ఊరుకుంది.