పచ్చ అంకె

నలభై ఒకటో రోజు ఉదయం డాక్టర్ శేషఫణి లాస్య కుడి చెంపను భూతద్దంతో చూసి, నోటుపుస్తకంలో కొత్త మొటిమలు సున్నా అని రాసుకున్నాడు. విజయవాడ శివార్లలోని ఒక ఇంటర్ కాలేజీ హాస్టల్లో నలభై మంది అమ్మాయిల మీద ఆయన ప్రయోగం నడుస్తోంది. లాస్యకు పదిహేడేళ్లు. మొదటిరోజు ఆమె ముఖం మీద డెబ్బై మూడు మొటిమలున్నాయి. తోటివాళ్లు ఆమెను జొన్నపొత్తు అని పిలిచేవాళ్లు.

శేషఫణి తయారుచేసింది చెంపకు అతికించే పొర. అతికించాక కనపడదు. ఒత్తిడి పెరిగితే ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది, చర్మంలో నూనె ఎక్కువ ఊరుతుంది, రంధ్రాలు మూసుకుపోయి లోపల వాపు మొదలవుతుంది. పొరలోని సెన్సర్ చెమటలో కార్టిసాల్‌ను కొలిచి, కావలసినంత మందు వదులుతుంది. కొలతను వందకి ఒక అంకెగా పంపుతుంది. నలభై లోపు పచ్చ, అరవై దాటితే ఎరుపు. మందు చేసేది సగం పనే, మిగతా సగం నిద్ర చేయాలి. ఈ నలభై మందికీ ఏడు గంటల నిద్ర ఇవ్వాలన్న షరతు మీదే ఆయన పని మొదలుపెట్టాడు.

అంకెలన్నీ తన గదిలో ఒకే తెరమీద కనిపించాలని డీన్ బుచ్చిబాబు కోరాడు. ఎరుపులో ఉన్న పిల్లలకు విశ్రాంతి ఇస్తారు కాబోలనుకుని శేషఫణి ఒప్పుకున్నాడు. డీన్ ఎరుపు జోలికి పోలేదు. పచ్చలో ఉన్నవాళ్ల జాబితా రాయించాడు. లాస్య అంకె ముప్పై నాలుగు. వారాంతపు పరీక్షలో ఆమెకు అంతకుముందు కంటే పదకొండు మార్కులు ఎక్కువ వచ్చాయి. అయినా సోమవారం ఆమెను మొదటి బ్యాచ్ నుంచి మూడో బ్యాచ్‌కి మార్చారు. మెడికల్ ఎంట్రన్స్‌కు తయారుచేసే లెక్చరర్లు మొదటి బ్యాచ్‌కే వస్తారు.

శేషఫణి వెళ్లి అడిగితే డీన్ నిదానంగానే చెప్పాడు.

"ఎంట్రన్స్ నెత్తిమీద ఉంది. భయంలేని పిల్ల చదువుతోందని నేనెట్లా నమ్మాలి డాక్టరు గారూ? మీ యంత్రమే చెబుతోందిగా."

ఆదివారం లాస్య తండ్రి కోటయ్య చిలకలూరిపేట నుంచి వచ్చాడు. ట్రాక్టర్ మెకానిక్. కూతురి ముఖం చూసి ముందు మురిసిపోయాడు. తర్వాత వార్డెన్ బ్యాచ్ సంగతి చెప్పింది.

"చదువుతున్నావా అమ్మా, అద్దం చూసుకుంటున్నావా?" అన్నాడు. తెచ్చిన క్యారియర్ బల్ల మీద పెట్టి, కూతురు తినేదాకా ఆగకుండా బస్సుకి వెళ్లిపోయాడు.

మర్నాడు లాస్య డాక్టర్ దగ్గరికి వచ్చింది. పొర తీసేయమంటావా అని ఆయన అడిగాడు.

"వద్దు సర్, తెరమీద ఖాళీ కనిపిస్తుంది. నా అంకె ఎరుపులోకి తోయండి చాలు."

"అబద్ధం చెప్పించమంటున్నావు."

"నిజం చెప్పినందుకేగా సర్, నన్ను మూడో బ్యాచ్‌లో వేసింది."

శేషఫణి కాసేపు కాగితాలు సర్దాడు. తర్వాత సెట్టింగులోకి వెళ్లి ఆమె అంకెకు ముప్పై అయిదు కలిపాడు. రెండు రోజుల్లో లాస్య మొదటి బ్యాచ్‌లో కూర్చుంది. ఆ వారమంతా అమ్మాయిలు ఒక్కొక్కరే ఆయన గది ముందు చేరారు. ఒకరికి చేసి ఇంకొకరికి కాదనలేకపోయాడు. పది రోజులు తిరిగేసరికి తెరమీద నలభై అంకెలూ ఎరుపే.

డీన్ ఆయనకు టీ తెప్పించి మరీ అభినందించాడు. అయిదు గంటలకు కొట్టే నిద్రలేపే బెల్లును మూడున్నరకు మార్చుతున్నానన్నాడు. శేషఫణి నిద్ర షరతు గుర్తుచేశాడు.

"ఎరుపులో ఉండి కూడా ఒక్కరూ పడిపోలేదు. మొహాలు నిగనిగలాడుతున్నాయి. ఇంకా లాగగలరండీ," అన్నాడు డీన్.

ఆ అంకెలు అబద్ధమని చెప్పాలంటే, ఎవరెవరివి అబద్ధమో కూడా చెప్పాలి. శేషఫణి టీ తాగి లేచాడు.

మూడు వారాల తర్వాత లాస్య చెంపమీద పంతొమ్మిది కొత్త మొటిమలు లెక్కపెట్టాడు. ఆమె కదలకుండా కూర్చుని, అరచేతిలో రాసుకున్న ఫార్ములాలు పెదవులతో చదువుకుంటోంది. తెరమీద ఆమె అంకె వంద, తెర అంతకు మించి చూపదు. ఆయన సెట్టింగు తెరిచి, తను కలిపిన ముప్పై అయిదూ తీసేశాడు. అంకె డెబ్బై రెండు దగ్గర ఆగింది. రంగు మారలేదు.