ఎనిమిదింటి పలకరింపు

పొద్దున్న ఎనిమిదయిందంటే ఆ ఇంట్లో ఫోను టింగుమనాల్సిందే. 'అమ్మా, లేచావా? తిన్నావా? ఒంట్లో ఎలా ఉంది?' అని కూతురి మెసేజ్. అది వచ్చేదాకా టైలరమ్మ కాఫీ కప్పు ముట్టుకునేది కాదు. వచ్చాక కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ 'బాగున్నాను. తిన్నాను. నువ్వు జాగ్రత్త' అని కొట్టి, అప్పుడు తాగేది. ఈలోపు అది ఎలాగూ చల్లారిపోయేది. అయినా ఆవిడకి బాధ లేదు. రోజు మొత్తానికి ఆవిడని పలకరించే దిక్కు ఆ ఫోను ఒక్కటే మరి.

భర్త పోయి కొన్నేళ్ళయింది. కూతురు ఉద్యోగం చేసే ఊరు రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి చేరేంత దూరం. దుకాణాల వాళ్ళ తరఫున ఇంటర్నెట్‌లో ఫోటోలూ ప్రకటనలూ పెట్టే కంపెనీలో ఊపిరాడని పని. ఆదివారం ఫోన్లు కూడా తగ్గుతూ తగ్గుతూ నిలిచిపోయాయి. కళ్ళు సహకరించక టైలరింగ్ షాపు మూసేశాక, తల్లి ఆ మేడ మీద రెండు గదుల్లో గోడలు చూస్తూ కూర్చుంది. కింది వాటా ఆవిడ మంచిదే. కాకపోతే ఇంటినిండా మనవలు, ఆవిడ గోల ఆవిడది.

ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందని కూతురే పట్టుబట్టి, లైబ్రరీ మేడ మీద నడిచే బ్లాగింగ్, డిజిటల్ మీడియా కోర్సులో తల్లి పేరు రాయించింది. ఈ వయసులో నాకిదేం చోద్యమే అని గొణిగింది గానీ, వారం తిరక్కుండానే ఆవిడకి సరదా పుట్టింది. పాత బట్టలు బాగుచేయడం మీద బ్లాగు మొదలుపెట్టింది. అరిగిన కాలరు తిరగేసి కుట్టడం, చిరిగిన జేబుకి అతుకు వేయడం, పిల్లల గౌను పొడుగు పెంచడం. ఫోటో తీయడం, వెలుతురు సరిచేయడం, శీర్షిక పెట్టడం ఒక్కొక్కటే నేర్చుకుంది. చదివేవాళ్ళు పెద్దగా లేరనుకోండి. క్లాసు వాళ్ళు మొహమాటానికి తలా ఒక లైకు కొట్టేవాళ్ళు.

ఒకరోజు పాఠం షెడ్యూలింగ్ గురించి. రోజూ ఒకే టైముకి పోస్టు పడితే చదివేవాళ్ళకి నమ్మకం కుదురుతుందని, ఒక్కసారి కూర్చుని నెలకి సరిపడా రాసి టైము పెట్టేస్తే చాలని పాఠం చెప్పే అమ్మాయి వివరించింది. "మీరు నిద్రపోతున్నా సరే, అది టైముకి వెళ్ళిపోతుంది. మెసేజ్‌లూ అంతే" అంది.

క్లాసంతా ముచ్చటపడింది. వెనక బెంచీ రిటైర్డు గుమాస్తా, పెళ్ళాం పుట్టినరోజు శుభాకాంక్షలు ఇరవయ్యేళ్ళకి ఇప్పుడే పెట్టేసుకుంటే తిట్లు తప్పుతాయన్నాడు. అందరూ గొల్లుమన్నారు. టైలరమ్మ మాత్రం నవ్వలేదు. ఫోను తీసి మెసేజ్‌లు వెనక్కి జరిపి చూసుకుంది. ఎనిమిది. ఎనిమిది. సెలవురోజూ ఎనిమిదే, కూతురు జలుబుతో మంచమెక్కిన రోజూ ఎనిమిదే. నిమిషం అటూ ఇటూ లేదు, అక్షరం తేడా లేదు. కన్నకూతురికి తనూ, ఆ పిల్ల ప్రకటనలు పెట్టే ఓ చెప్పుల షాపులాంటిదే అన్నమాట.

ఇంటికొచ్చి కరువుతీరా ఏడ్చింది. ఏడుపయ్యాక మొండితనం పుట్టింది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడుగా. క్లాసులో నేర్చుకున్నట్టే కూర్చుని, నెలకి సరిపడా జవాబులు పెట్టేసింది. 'బాగున్నాను. తిన్నాను. నువ్వు జాగ్రత్త.' రేపో మాపో కూతురు పసిగట్టి, కోపమా అమ్మా అని ఫోన్ చేస్తుందని ఎదురుచూసింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. రెండు ఫోన్లు రోజూ పొద్దున్నే ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నాయి. ఇక్కడ ఈ మనిషి కాఫీ పెట్టుకోవడం కూడా మానేసింది.

మూడో వారంలో జ్వరం తగులుకుంది. రెండ్రోజులు ముద్ద దిగలేదు. పొద్దున్నే మంచినీళ్ళకని లేచి, వంటింటి గుమ్మం దగ్గర తూలి పడింది. లేవబోతే కాళ్ళు సహకరించలేదు. ఆవిడ అలా నేల మీద ఉండగానే, బల్ల మీది ఫోను ఆవిడ బాగుందని, తిన్నదని కూతురికి చెప్పేసింది.

చప్పుడు విన్న కింది వాటా ఆవిడ తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసుకుని వచ్చింది. డాక్టర్ని పిలిపించి, కూతురికి ఫోన్ చేసింది. లేదండీ, అమ్మ ఇప్పుడే మెసేజ్ పెట్టింది, బాగానే ఉందట అందట ఆ పిల్ల. ఉందట కాదమ్మా, నా కళ్ళెదురుగా నేల మీద ఉందని గట్టిగా కసిరితే గానీ నమ్మలేదు.

మర్నాడు తెల్లారాక కూతురు వచ్చిపడింది. జ్వరం దిగి, దిండుకి ఆనుకుని కూర్చున్న తల్లిని చూడగానే భయమంతా కోపమైపోయింది.

"ఒంట్లో బాగోక పడుండి, తిన్నాను బాగున్నాను అని అబద్ధాలు పెడతావా? నీకేమన్నా అయితే నేనేమైపోవాలి?"

"నేను పెట్టలేదే."

"మరెవరు పెట్టారు?"

"నీ మెసేజ్‌లు ఎవరు పెడుతున్నారో, వాళ్ళే."

కూతురి మొహం పాలిపోయింది. ఏదో అనబోయేలోగా తల్లి ఫోను మోగింది. లేచావా, తిన్నావా అని అడుగుతోంది. కాసేపటికి కూతురి బ్యాగులోంచి జవాబు మోగింది. మనుషులిద్దరూ ఎదురెదురుగా నోళ్ళు మూసుకుని కూర్చున్నారు. నవ్వాలో ఏడవాలో ఇద్దరికీ తెలియలేదు.

"ఒకరోజు పనిలో పడి మెసేజ్ మర్చిపోయాను. సాయంత్రందాకా నువ్వేమీ తినలేదని కింది ఆంటీ చెప్పింది" అంది కూతురు చివరికి. "ఆరోజే ఏడాదికి సరిపడా పెట్టేశాను. ఇంకెప్పుడూ నిన్ను మర్చిపోకూడదని."

"గుర్తుపెట్టుకునే పని ఫోనుకి అప్పజెప్పి, నువ్వు హాయిగా మర్చిపోయావు."

"అవును." కూతురు తలదించుకుంది. "కానీ అమ్మా, నీ జవాబులు నువ్వు రాయట్లేదని నాకెందుకు తెలియలేదో చెప్పనా? నువ్వు చేత్తో రాసినప్పుడూ అవే మూడు ముక్కలు. ఒక్కనాడైనా బాగోలేదని రాశావా?"

టైలరమ్మ తన పాత జవాబులు తలుచుకుంది. మోకాలు వాచి మెట్లు దిగలేకపోయిన వారం, 'బాగున్నాను'. షాపు బోర్డు దింపేసిన రోజు, 'బాగున్నాను'. పిల్ల కంగారుపడుతుందని అన్నీ కడుపులోనే దాచుకుంది. కోర్సులో చేరకముందు నుంచే తన మాట మర పలికే మాటే అయిపోయిందని ఆవిడకి ఇప్పటికి తెలిసొచ్చింది. ఇద్దరిలో తప్పెవరిదని పంచాయితీ పెడితే తేలేది కాదు.

"ఇప్పుడు అడుగు" అంది మెల్లగా.

కూతురు మంచం అంచున కూర్చుని తల్లి చెయ్యి పట్టుకుంది. "ఎలా ఉన్నావమ్మా?"

"బాగోలేదే." ఆ మాట బయటపడగానే కట్ట తెగినట్టు కన్నీళ్ళొచ్చాయి. సాయంత్రమైతే ఇల్లు మీద పడ్డట్టుంటుందని, మాట్లాడక మాట్లాడక గొంతు కూడా మారిపోయినట్టుందని, తినబుద్ధి కాక వండుకోవడం మానేశానని అన్నీ చెప్పింది. కూతురు అడ్డం రాలేదు. చెయ్యి వదల్లేదు.

చెప్పడం అయిపోయాక టైలరమ్మ కళ్ళు తుడుచుకుని కూతురి మొహంలోకి చూసింది. కళ్ళ కింద నలుపు, బస్సులో చెదిరిన జుట్టు, వదులైపోయిన చొక్కా. బట్ట వదులైతే ఒళ్ళు తగ్గిందని ఎవరూ చెప్పక్కర్లేదు ఆవిడకి. ఇన్నాళ్ళూ రోజూ 'నువ్వు జాగ్రత్త' అని చెప్పిందే గానీ, ఈ పిల్లని తను ఒక్కసారీ అడగనే లేదు.

"నువ్వెలా ఉన్నావే?"

కూతురు బాగున్నానని చెప్పబోయి ఆగిపోయింది. తల్లి ఒళ్ళో తల పెట్టుకుని, "నేనూ బాగోలేనమ్మా" అంది.