నలుగురి తాతయ్య

పొద్దున్న ఆరున్నరకే మాటల మేడం గొంతు బొంగురుపోయి ఉంది. నిన్న ఆరు గంటలు మాట్లాడిన గొంతు అది, ఇవాళ ఇంకో ఆరు గంటలు మాట్లాడాలి. యూనివర్సిటీలో ఆవిడ పాఠాలు చెప్పదు, వాటికి వేరేవాళ్ళున్నారు. దండిగా మార్కులు తెచ్చుకుని, నలుగురిలో నోరు విప్పమంటే నేలచూపులు చూసే పిల్లలకి మాట్లాడటం, వినటం, పదిమందితో కలిసి పనిచెయ్యటం, ఉద్యోగం ఇచ్చేవాళ్ళ ముందు వణక్కుండా కూర్చోవటం నేర్పుతుంది. మెట్ల కింద ఉన్న ఆ గదికి పిల్లలు మాటల గది అని పేరు పెట్టారు. దాంతో ఆవిడ మాటల మేడం అయిపోయింది.

కూతురి చొక్కా ఇస్త్రీ చేస్తూనే మొదలుపెట్టింది. "నిటారుగా కూర్చో. అడిగింది పూర్తిగా విను. నీ గురించి చెప్పమంటే ఏం చెప్తావ్?"

"తాతయ్య సంగతి."

"ఎలా మొదలుపెడతావో అను."

కూతురు గోడకేసి చూస్తూ అప్పజెప్పింది. "మా ఇంట్లో పెద్దాయన మంచాన పడినప్పుడు చదువునీ, బాధ్యతనీ సమానంగా మోస్తూ ఓర్పు విలువ తెలుసుకున్నాను."

"ఓర్పు దగ్గర కాస్త ఆగు. ఆ మాట వాళ్ళకి తగలాలి."

"దాని నోట్లో ముద్ద కూడా దిగనియ్యవేంటే? పొద్దున్నే గిన్నె తోమినట్టు తోముతున్నావ్!" అన్నాడు భర్త. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు.

"మీరూరుకోండి. ఈ ఒక్క ఉద్యోగం దాటిపోతే మళ్ళీ ఏడాది దాకా రసాయనశాస్త్రం వాళ్ళని అడిగే నాథుడు లేడు."

మాట నిజమే. నీళ్ళు పరీక్షించే ప్రయోగశాల వాళ్ళు ఇవాళ యూనివర్సిటీకి ఇంటర్వ్యూలకి వస్తున్నారు, ఇద్దరినే తీసుకుంటారు. పిల్లకి చిన్నప్పటినుంచీ సీసాలో నీళ్ళు పట్టి వెలుతురుకి ఎత్తి చూడటం పిచ్చి. తాతయ్య దానికి పిచ్చుక అని పేరు పెట్టాడు, ఊరికే తల తిప్పుతూ చూస్తుందే తప్ప కూత పెట్టదని. ఆ పిచ్చుక ఒక్కనాడూ అమ్మ మాటల గది గడప తొక్కలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా! అందుకే తల్లి వారంరోజులుగా ఇంట్లోనే వల్లె వేయించింది.

సాయంత్రం ఆవిడ తలుపు తీసేసరికి కూతురి చెప్పులు గుమ్మంలో చెరోవైపు పడి ఉన్నాయి. పిల్ల తాతయ్య గదిలో ఖాళీ మంచం మీద కూర్చుని ఉంది. పెద్దాయన పోయి రెండేళ్ళయినా ఆ మంచం ఎవరూ తియ్యలేదు.

"ఎలా జరిగిందే?"

పిచ్చుక ఒక కాగితం చాపింది. జిరాక్సు మీద జిరాక్సు తీసి అక్షరాలు అరిగిపోయిన కాగితం. పైన 'నమూనా సమాధానం' అని ఉంది. కింద, 'మా ఇంట్లో పెద్దాయన మంచాన పడినప్పుడు...'

ఆ కాగితం మేడందే. రెండేళ్ళ కిందట రాసి, పేరు తీసేసి, ఏటా ప్రతి బ్యాచికీ పంచుతోంది.

"బయట కుర్రాళ్ళు ఇది పట్టుకుని బట్టీ పడుతున్నారమ్మా. నేను లోపలికెళ్ళి మొదటి వాక్యం అనేసరికి ఇంటర్వ్యూ చేసే ఆయన కలం కింద పెట్టేశాడు. 'ఏమ్మా, ఈ పూట ఈ తాతగారు మంచాన పడటం ఇది నాలుగోసారి. మీ యూనివర్సిటీ మొత్తానికి ఒక్కడే తాతా?' అన్నాడు. అందరూ నవ్వారు."

"నా తాతేనని చెప్పలేకపోయావా?"

"ఎలా చెప్పను? మాటలు కూడా నీవే కదా! వేరేలా చెబుదామని నోరు తెరిస్తే మళ్ళీ నీ కాగితమే వచ్చింది. లేచి వచ్చేశాను."

"లేచి వచ్చేశావా?" మేడం గొంతు పెరిగింది. "నేను వాళ్ళని బట్టీ పట్టమన్నానా? ఇలాంటిది మీ సొంతది రాసుకోండ్రా అని ఇచ్చాను. గదికి అరవైమంది. ఒక్కొక్కడిదీ కూర్చుని వినే ఓపిక నాకెక్కడిది? పొద్దున్నుంచీ వాగి వాగి ఇంటికొచ్చేసరికి చెవులు కూడా పనిచెయ్యవు!"

"తెలుసు. అందుకే నాదీ వినలేదు."

"ఏం మాటే అది?"

"తాతయ్యకి జావ పట్టింది నేను. ఎనిమిది నెలలు. నన్ను ఒక్క ముక్క అడక్కుండా నా బదులు నువ్వు రాసేశావ్. అడక్కుండానే ఊరందరికీ పంచేశావ్. ఓర్పు నేర్చుకున్నానని ఎవరు చెప్పారు నీకు?"

వంటింటి గుమ్మంలో భర్త నిలబడి ఉన్నాడని అప్పుడు చూసుకుందావిడ. గబగబా సెల్లు తీసింది. "ఆ ప్రయోగశాల వాళ్ళకి నేనే ఫోన్ చేస్తాను. తప్పు నాదని చెప్తాను. కావాలంటే వైస్ ఛాన్సలర్ గారితో..."

"ఆగవే బాబూ!" అన్నాడాయన. "లిఫ్టు ఇరుక్కున్నప్పుడు జనం చేసే పనే చేస్తున్నావ్. కనపడ్డ బటనల్లా నొక్కేస్తారు. ముందు లోపలున్న మనిషిని పలకరించాలి."

ఆవిడ సెల్లు పక్కన పెట్టేసింది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది తన పని. మాటల గదిలో మొదటి రోజు ఆడించే ఆట ఒకటుంది. ఒకళ్ళు అయిదు నిమిషాలు మాట్లాడాలి, ఎదుటివాళ్ళు నోరెత్తకూడదు. పదకొండేళ్ళుగా గడియారం పట్టుకుని పిల్లలచేత ఆడిస్తోందే గానీ తానెప్పుడూ వినేవాళ్ళ కుర్చీలో కూర్చోలేదు. వెళ్ళి మంచం చివర కూర్చుంది. ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది.

"చెప్పవే," అంది. "ఏం జరిగిందో నువ్వే చెప్పు."

పిచ్చుక ముక్కలు ముక్కలుగా చెప్పింది. "ఒకరోజు... నువ్వు క్లాసుకి, నాన్న డ్యూటీకి. తాతయ్య జావ ఉమ్మేశాడు. మూడోసారి. నా ల్యాబు రికార్డు మీద పడింది. మర్నాడే ఇవ్వాలి. నేను... చెంచా గోడకేసి కొట్టానమ్మా. 'ఆకలితో చావు' అన్నాను. తాతయ్యని. తలుపేసి బాల్కనీలోకి పోయాను. గంట."

తల్లి నోటి దాకా ఏదో వచ్చింది. పళ్ళ బిగువున ఆపుకుంది.

"తిరిగొచ్చేసరికి ఆ ఎడంచెయ్యి ఒక్కటే పనిచేసేది కదా, దాంతో నా రికార్డు తుడుస్తున్నాడు. సిరా అంతా అలుక్కుపోయింది. నన్ను చూసి దొంగతనం పట్టుబడ్డట్టు చెయ్యి దాచుకున్నాడు." పిచ్చుక మంచం పట్టెని గోటితో గీకింది. "నాకు ఓర్పు లేదని తెలిసిందమ్మా. అంతే తెలిసింది. ఆ రికార్డు మళ్ళీ రాయబుద్ధి కాలేదు. అలాగే ఇచ్చేశాను. మార్కులు తీసేశారు."

పిచ్చుక లేచి బీరువా అడుగునుంచి ఆ పుస్తకం తెచ్చింది. పేజీ నిండా నీలం మరక, అందులో నాలుగు వేళ్ళ జాడ. మామగారి వేళ్ళు. మేడం ఆ జాడ మీద తన వేళ్ళు ఆనించింది. కూతుర్ని దగ్గరకి లాక్కుని వెక్కి వెక్కి ఏడ్చింది. "నన్ను క్షమించవే తల్లీ. నీదేదో నాకు తెలుసనుకున్నాను," అంది చివరికి.

మర్నాడు పొద్దున్న ఫోన్ పిచ్చుకే చేసింది. తల్లి వంటింట్లో పొయ్యి కట్టేసి నిలబడింది. పిల్ల మొదటి వాక్యంలోనే తడబడింది, రెండోదాన్ని సగంలో వదిలేసింది. "సార్, నిన్న నాలుగోసారి మీరు విన్న తాత... మా తాతేనండీ. కానీ ఆ మాటలు నావి కావు. నాది... నాది అంత బావుండదండీ," అంది. తప్పులు లెక్కపెడుతున్న తల్లికి ఎక్కడో లెక్క తప్పిపోయింది.

"ఏమన్నారే?"

"గురువారం మళ్ళీ రమ్మన్నారు. అయినా గ్యారంటీ ఏం లేదన్నారు."

"ఏం చెప్తావ్ మరి? ఎలా మొద..." నాలిక కరుచుకుంది. భర్త కాఫీ గ్లాసు చాటున నవ్వుకున్నాడు.

ఆవిడ సంచి భుజాన వేసుకుంది. అందులో ఈ ఏడాది పంచగా మిగిలిన నమూనా కాగితాలున్నాయి. పంచినవన్నీ ఇవాళ వెనక్కి తీసుకోవాలి, ఆ తాత ఎవరో అరవైమందికీ చెప్పాలి, ఒక్కొక్కడి కథా మొదటినుంచి వినాలి. ఎన్నాళ్ళు పడుతుందో! తలుచుకుంటేనే నీరసం వచ్చింది. గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగింది.

"గురువారం వెళ్ళొచ్చాక చెప్పవే పిచ్చుకా," అంది. "వింటాను."